నరికేసిన చెట్టు దగ్గర మొదలైన కథ

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇప్పటికీ ఫాంటసీ నవలలు చదువుతుంటే ఇంట్లో నవ్వుతున్నారు. పెద్దవాళ్లు మనసు పెట్టి చదవదగ్గ ఫాంటసీ సిరీస్ ఏది? దాన్ని రాసినవాళ్లకు ప్రేరణ ఎక్కడ దొరికింది?

మీకంటే నేను పెద్దదాన్ని. విశాఖలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. పిల్లలిద్దరూ కాలేజీ చదువుల్లో ఉన్నారు. ఏటా వానలు మొదలయ్యే వేళకు నేను అలమరలోంచి తీసే పుస్తకం టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’. దాన్ని పిల్లల పుస్తకం అని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది, ఆ కోపం దాచుకోను కూడా. మొదటి భాగం అచ్చయిన 1954లో ఆయన వయసు 62. అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో దశాబ్దాలుగా ప్రొఫెసర్. పగలు పాఠాలు, పరీక్ష పేపర్లు, ఇంట్లో నలుగురు పిల్లలు, వాటి మధ్య 1937 డిసెంబర్లో మొదలుపెట్టి పన్నెండేళ్ల పాటు రాసిన పుస్తకం అది. బాధ్యతలన్నీ నెత్తిన ఉన్న మనిషి రాసింది. ఆ బరువు తెలిసినవాళ్లకే అది పూర్తిగా అందుతుంది. చిన్నపిల్లలకు కత్తులు, గుర్రాలు, రాక్షసులు కనబడతాయి. కథానాయకుడు ఫ్రోడో, లోకాన్ని ముంచే ఒక ఉంగరాన్ని నాశనం చేసే పని ముగించి ఇంటికొచ్చాక కూడా అతని గాయం ప్రతి ఏడూ అదే తేదీకి తిరగబెడుతుంది. అదేమిటో పదిహేనేళ్ల వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఒక చావు చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఇక ప్రేరణ సంగతి. దీని గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట కనిపిస్తుంది: మొదటి ప్రపంచ యుద్ధం. అందులో అబద్ధం లేదు. 1916లో ఆయన ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో సిగ్నల్స్ అధికారిగా ఉన్నారు. పేల వల్ల సోకే ట్రెంచ్ ఫీవర్ వచ్చి ఇంగ్లండ్ తిరిగొచ్చారు. 1918 నాటికి తన దగ్గరి స్నేహితుల్లో ఒక్కరు తప్ప ఎవరూ మిగల్లేదని తర్వాత ఆయనే రాసుకున్నారు. నవలలో చనిపోయినవాళ్ల ముఖాలు నీళ్ల అడుగు నుంచి చూస్తుండే బురద నేలలు కొంతవరకు ఉత్తర ఫ్రాన్స్ నుంచే వచ్చాయని కూడా ఒప్పుకున్నారు. సామ్ అనే తోటమాలి పాత్రలో, తాను అక్కడ చూసిన మామూలు సిపాయిల పోలిక ఉందన్నారు.

ఇవన్నీ ఒప్పుకుంటూనే చెబుతున్నాను, ఆ పుస్తకాన్ని రాయించింది యుద్ధం కాదు, చెట్లు. దీని మీద ఎవరు వాదనకొచ్చినా నేను సిద్ధం.

ఆయన 1892లో దక్షిణాఫ్రికాలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. తల్లి ఇద్దరు కొడుకులనూ పెట్టుకుని బర్మింగ్‌హామ్ పక్కన సేర్‌హోల్ అనే పల్లెలో కాపురం పెట్టింది. అక్కడో పాత పిండిమర, దాని చెరువు. చెరువు మీదికి వంగిన ఒక విల్లో చెట్టు. పిల్లాడు ఆ చెట్టెక్కడం నేర్చుకున్నాడు. ఒకరోజు ఎవరో దాన్ని నరికేశారు. నరికినవాళ్లు ఆ కలపను దేనికీ వాడలేదు, దుంగ అలాగే పడి ఉంది. అది ఎప్పటికీ మరిచిపోలేదని ఆయన ముసలితనంలో చెప్పారు. పన్నెండేళ్లకు తల్లి కూడా పోయింది. ఆ పల్లెను తర్వాత బర్మింగ్‌హామ్ నగరం మింగేసింది.

ఇప్పుడు పుస్తకం చివరకు రండి. లోకాన్ని కాపాడి ఫ్రోడో, సామ్‌లతో కలిపి నలుగురు హాబిట్లు, అంటే మనిషిలో సగం ఎత్తుండే చిట్టి మనుషులు, తమ ఊరు షైర్‌కు తిరిగొస్తారు. వచ్చి చూస్తే ఊరు ఊరుగా లేదు. దారి పొడుగునా చెట్లు కొట్టేశారు. పాత మర తీసేసి పొగ కక్కే పెద్ద మర పెట్టారు. కథ మొదట్లో, ఫ్రోడోను పెంచిన బిల్బో పుట్టినరోజు విందు ఏ చెట్టు కింద జరిగిందో ఆ చెట్టు కొమ్మలు నరికేసి, పొలంలో పడి ఉంది. అంత దూరం నడిచి, అన్ని ప్రాణభయాలు దాటొచ్చిన సామ్ అక్కడ ఏడుస్తాడు. నరికి ఊరికే పడేసిన చెట్టు! సేర్‌హోల్ చెరువు గట్టు మీద పడి ఉన్న దుంగ యాభై ఏళ్ల తర్వాత షైర్‌లో తేలింది. విమర్శకులు ఏమన్నా అననీ, నాకిందులో ఇసుమంత అనుమానం లేదు.

నాకు ఇది ఇంత గట్టిగా తెలియడానికి కారణం 2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను మా ఊళ్లో తీరం దాటిన ఆదివారం. విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. పొద్దున్నుంచి ఒకే దిక్కు నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. తుఫాను కన్ను మా మీదుగా వెళ్తోందన్నమాట. అయిపోయిందనుకుని మా వీధిలో కొందరు బయటికి కూడా వచ్చారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ మొదలైంది. గంటకు 170, 180 కిలోమీటర్లని తర్వాత చెప్పారు. ముందటి గాలికి వేళ్లు కదిలిపోయి ఒక పక్కకు వాలిన చెట్లను ఆ రెండో గాలి పీకేసింది.

ఎంవీపీ కాలనీలో మా ఇల్లు కట్టిన ఏడాది మా మావయ్యగారు ప్రహరీ పక్కన ఒక నేరేడు మొక్క నాటారు. ఆయన పోర్టులో పనిచేసి రిటైర్ అయ్యారు, సొంతూరు శ్రీకాకుళం వైపు. చిన్న ఉద్యోగంతో ఇల్లు కట్టుకున్న మనిషికి ఆ ఇల్లెంతో ఆ చెట్టూ అంతే. మా పిల్లల నాలుకలు ఎండాకాలం చివర్లో ఊదారంగులో ఉండేవి. ఆ రోజు రెండో గాలికి అది ప్రహరీ మీద పడింది. పడిన చప్పుడు గాలి హోరులో మాకు వినబడలేదు. కిటికీ రెక్క సందులోంచి చూసి ఆయనే చెప్పారు, “పడిపోనాది” అని. ఇంకేమీ అనలేదు.

మర్నాడు మేడెక్కి చూస్తే కైలాసగిరి పచ్చగా లేదు. ఒక్క ఆకు లేదు. కొండలన్నీ నిప్పంటించి ఆర్పినట్టు గోధుమరంగులో ఉన్నాయి. కంబాలకొండ అంతే, యూనివర్సిటీ ఆవరణ అంతే. సింహాచలం కొండ మీద సంపెంగలు పోయాయని ఎవరో అంటే మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్ల కోసం, నీళ్ల ట్యాంకర్ల కోసం, పెట్రోలు కోసం క్యూలు. అలాంటి సమయంలో మనుషుల్లోని మంచీ చెడూ రెండూ చూశాం. మా వీధి చివర కొట్టతను పాల ప్యాకెట్టు అసలు ధరకే ఇచ్చాడు. ఇంకో కొట్టులో దానికి ఎంత అడిగారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మావయ్యగారు కుర్చీ తెచ్చుకుని పడిపోయిన చెట్టు పక్కన కూర్చునేవారు. రంపం మిషన్ వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారు, ముక్కలు చేయించేద్దామని మా పక్కింటాయన రెండుసార్లు వచ్చి అడిగారు. “ఉండనీ బాబూ” అని పంపేశారు. అన్నం సరిగ్గా తినడం లేదు. చీకటి పడితే ఇంటిల్లిపాదీ హాల్లో ఒక్క కొవ్వొత్తి చుట్టూ కూర్చునేవాళ్లం. టీవీ లేదు, ఫోన్ లేదు. నేను ఆ వెలుతురులో నా పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆయనే అడిగారు.

“ఏటి సదువుతున్నావమ్మా అంతలాగ?”

అత్తగారు అందుకున్నారు, “అదా, పిల్లల కథ. ఏడాదికోసారి అదే సదువుద్ది” అని. ఆవిడ మనసులో చెడు లేదు, కానీ నాకు ఆ రోజు ఊరుకోబుద్ధి కాలేదు. “పిల్లల కథ కాదు అత్తయ్యా, వినండి” అని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఉంగరం, యుద్ధం అన్నీ నాలుగు మాటల్లో దాటేసి, తిన్నగా హాబిట్లు ఊరికి తిరిగొచ్చే చోటికి వెళ్లాను. కొట్టేసిన చెట్ల దగ్గరికొచ్చేసరికి మావయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

“కొట్టేసి ఏటి సేసేరు? వంటచెరుకు కేటి?”

“ఏమీ చెయ్యలేదు మావయ్యగారూ. అలా పొలంలో పడేశారు.”

“ఊరికినే?”

“ఊరికినే.”

ఆయనకు నిజంగా కోపం వచ్చింది. ఎవరో తెలిసినవాడు చేసిన పనిలా, “ఎవడాడు? ఆడికి సెట్టంటే తెల్దా?” అన్నారు. సారుమాన్ గురించి చెప్పాను. తన కోట చుట్టూ ఉన్న చెట్లన్నీ నరికి కొలిమిలో వేసినవాడనీ, చివరికి ఈ ఊరి మీద పడ్డాడనీ. ఆ తర్వాత గలాడ్రియల్ అనే ఆవిడ సామ్‌కు దారిలో ఇచ్చిన చిన్న పెట్టె సంగతి చెప్పాను. ఆ పెట్టెలో ఆవిడ తోటలోని మట్టి, ఒకే ఒక్క విత్తనం ఉంటాయి.

“పెట్టెడు మట్టి ఊరంతటికీ సరిపోద్దేటి?”

“ఒకే చోట పొయ్యలేదండి. ఎక్కడెక్కడ మంచి చెట్లు పోయాయో వెతుక్కుంటూ ఊరంతా తిరిగి, ఆ చోట్లలో మొక్కలు నాటి, ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో రేణువు వేశాడు.”

కాసేపు ఆలోచించి, “తోటపని తెలిసినోడే” అన్నారు. సామ్ గురించి నేను చదివిన ఏ విమర్శలోనూ ఇంత సరైన మాట లేదు. ఫ్రోడో కంటే, రాజు కంటే, మాంత్రికుడి కంటే ఆ కథలో గొప్పవాడు తోటమాలి. తన ఊళ్లో చెట్లు కొట్టేస్తున్న దృశ్యం గలాడ్రియల్ చూపిన మాయా అద్దంలో అతనికి ముందే కనబడుతుంది. వెనక్కి పరుగెత్తాలనిపిస్తుంది. అయినా ఫ్రోడో వెంటే ముందుకు నడుస్తాడు. నాకైతే ఆ పుస్తకంలోని యుద్ధాలన్నీ కలిపినా ఈ ఒక్క నిర్ణయానికి సాటి రావు.

తర్వాత కూడా మావయ్యగారు ఆ కథ చెప్పించుకునేవారు. మా పిల్లలు నిద్రపోయాక కూడా ఆయనా అత్తగారూ కూర్చునేవారు. ఆ దీపావళికి ఎండుకొమ్మలు వీధుల్లో గుట్టలుగా ఉన్నాయని ఊళ్లో టపాసులు వద్దన్నారు. దీపాలు మాత్రం పెట్టుకుని కథ పూర్తిచేశాం. చెట్టు ముక్కలు చేయించడానికి అప్పుడు ఒప్పుకున్నారు, మొద్దు మాత్రం తవ్వనివ్వలేదు. నేరేడు చెక్క నీళ్లలో కుళ్లదని, వాళ్ల ఊళ్లో బావుల అడుగున అదే వేసేవారని చెప్పి, మంచి దుంగ ఒకటి వడ్రంగికి ఇచ్చి బల్ల చేయించారు. వేసవి రాకముందే మొద్దుకు చిగుళ్లొచ్చాయి. అందులో బలమైన కొమ్మ ఒకటి ఉంచి మిగతావి ఆయనే కత్తిరించారు. ఆయన పోయి కొన్నేళ్లయింది. చెట్టు ప్రహరీ దాటి పెరిగింది, కాపు కూడా మొదలైంది.

డెబ్బై దాటిన మనిషి, ఇంగ్లిష్ నవల ఒక్కటీ చదవనివాడు, ఆ కథలో తన బాధ చూసుకున్నారు. దాన్ని పిల్లల పుస్తకం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అసలు తెలుగువాళ్లకు ఈ సిగ్గు ఎప్పటినుంచి పట్టుకుందో! మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు. కాశీకి నడిచి వెళ్తూ మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ గోపుడికి చెప్పే కథలు. రాజకుమారులు, మంత్రాలు, శాపాలు, అన్నీ ఉంటాయి. మావయ్యగారి తండ్రి వాటిని అరుగు మీద కూర్చుని పదిమందికి చదివి వినిపించేవారట. విన్నవాళ్లందరూ పొలం పనులు చేసుకునే మగవాళ్లు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు. ఇప్పుడు పుస్తకాల షాపుకు వెళ్తే గ్రూప్స్ గైడ్లు, బ్యాంకు పరీక్షల గైడ్లు, ధనవంతులు కావడమెలా అని చెప్పే పుస్తకాలు. నవల అడిగితే అదేదో మూల చూపిస్తారు. ఆ మూల కూడా ఏడాదికేడాదికి చిన్నదవుతోంది.

సినిమా చూశాం కదా చాలు అనేవాళ్లతో ఇంకో గొడవ. 2003లో వచ్చిన మూడో సినిమాకు 11 ఆస్కార్లు వచ్చాయి, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ షైర్ పాడైన అధ్యాయాన్ని పూర్తిగా తీసేశారు. హాబిట్లు ఇంటికొస్తే అంతా పచ్చగా, వాళ్లు వదిలి వెళ్లినట్టే ఉంటుంది. ఆ అధ్యాయం తీసేశాక మిగిలింది యుద్ధం కథే. అందుకే జనం ప్రేరణ అనగానే యుద్ధం అంటున్నారని నా నమ్మకం.

చెట్ల విషయంలో ఆయన ఎంత పట్టుదల మనిషో చెప్పడానికి ఇంకో సంగతి. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలో అడవి నడిచి కోట మీదికి వస్తుందని జోస్యం ఉంటుంది. తీరా చూస్తే సైనికులు కొమ్మలు పట్టుకుని నడుస్తారు, అంతే. స్కూల్లో అది చదివి ఆయనకు ఒళ్లు మండిందట. చెట్లు నిజంగా యుద్ధానికి నడిచే కథ రాయాలని అప్పుడే అనిపించిందట. అలా పుట్టినవే ఎంట్‌లు, చెట్లను కాచే చెట్టులాంటి జీవాలు. సారుమాన్ కోట ఐసెన్‌గార్డ్ మీదికి అవి నడిచొచ్చి రాతిగోడలు పీకేసే భాగం చదువుతుంటే నాకు ప్రతిసారీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. 1972లో, ఎనభై ఏళ్ల వయసులో, ఒక పత్రిక తన పేరును అడవుల చీకటికి ముడిపెట్టి రాస్తే ఊరుకోలేదు. తన రచనలన్నిటిలో తాను చెట్ల పక్షాన, వాటి శత్రువులకు ఎదురుగా నిలబడ్డానని ఆ పత్రికకే ఉత్తరం రాశారు. యుద్ధం గురించి ఇలాంటి ఉత్తరం రాశారా? ప్రతి పాత్రనూ రెండో ప్రపంచ యుద్ధానికి ముడిపెట్టి చూసేవాళ్లకు మాత్రం, ఇది అలాంటి కథ కాదని ముందుమాటలో గట్టిగా చెప్పారు. అదే ముందుమాటలో షైర్ పాడవడం గురించి చెబుతూ, తాను చిన్నప్పుడు ఉన్న పల్లెసీమ తనకు పదేళ్లు రాకముందే నాశనం కావడం మొదలైందని తలుచుకున్నారు. ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి?

ఆక్స్‌ఫర్డ్ బొటానిక్ గార్డెన్‌లో ఆయనకు ఇష్టమైన ఒక నల్ల పైన్ చెట్టు ఉండేది. 1973లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు, దాని మొదట్లో నిలబడి ఫొటో తీయించుకున్నారు. 2014 వేసవిలో దాని పెద్ద కొమ్మలు రెండు విరిగి పడితే, జనానికి ప్రమాదమని దాన్ని కొట్టేయాల్సి వచ్చింది. మా నేరేడు పడిన సంవత్సరమే. ఈ సంగతి తెలిసిన రోజు నేను బ్యాంకులో సగం పూట పని చేయలేకపోయాను.

మా ఊళ్లో తుఫాను తర్వాత మొక్కలు నాటిన తీరు మీద కూడా నాకు బాధ ఉంది. తొందరగా పెరుగుతాయని రోడ్ల పక్కన ఏడాకుల పాల మొక్కలు వరసలు వరసలుగా పెట్టారు. చలికాలం ముందు అవి పూస్తే సాయంత్రాలు ఆ ఘాటుకు ఆయాసం ఉన్నవాళ్లు కిటికీలు మూసుకోవాల్సి వస్తోంది. మా అత్తగారు వాళ్లలో ఒకరు. వేప ఏది, నేరేడు ఏది, కానుగ ఏది? ఏ చోట ఏ చెట్టు పోయిందో చూసి నాటడం సామ్‌కు తెలిసింది. చేతిలో కాగితాలు పట్టుకుని లెక్క కోసం నాటేవాళ్లకు తెలియలేదు. మా వీధిలో మేం కొందరం కలిసి పోయిన చెట్ల చోట్లలో వేపలు, కానుగలు పెట్టాం. ఆకులు రాలుతున్నాయని ఒక మొక్కను రాత్రికి రాత్రి ఎవరో పీకేశారు. మళ్లీ పెట్టాం.

మీరు చదవాలనుకుంటే ఒక మాట. దీన్ని మూడు పుస్తకాల సిరీస్ అంటారు గానీ ఆయన రాసింది ఒకే నవల. యుద్ధం తర్వాత కాగితం ఖరీదై, 1954, 55లలో మూడుగా విడదీసి వేశారు. అందుకే మొదటి పుస్తకం చదివి ముగింపు లేదని వదిలేయకండి, మూడూ దగ్గర పెట్టుకునే మొదలుపెట్టండి. హాబిట్ల ఆచారాల గురించి మొదట్లో ఉండే పొడుగాటి పరిచయం విసుగనిపిస్తే దాటేసి, తిన్నగా బిల్బో పుట్టినరోజు విందుతో మొదలుపెట్టండి. విందులో బిల్బో ఏ చెట్టు కింద కుర్చీ ఎక్కి మాట్లాడతాడో గమనించండి. పాటలు దాటేయకండి. ఆరో ఖండంలో ఎనిమిదో అధ్యాయం షైర్ సంగతి, అక్కడికి చేరేసరికి కనీసం రెండు గంటలు తీరిక ఉండేలా చూసుకోండి, మధ్యలో ఆపలేరు. రెండో ముద్రణకు ఆయన రాసిన ముందుమాట ఇప్పుడు దొరికే పుస్తకాల్లో ఉంటుంది. అందులో చివర ఏం జరుగుతుందో కొంత చెప్పేశారు కాబట్టి దాన్ని కథంతా అయ్యాకే చదవండి.